థార్న్‌హోమ్ కింది బొగ్గు

క్లెవిన్ శానిటోరియం, వేల్స్
1923 అక్టోబరు 14

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వితే దగ్గు తెర వచ్చింది. ఇకమీదట నీ ఉత్తరాలు ముందు తను చదివి ఇస్తానంటోంది నర్సు. కాస్త పొడిగా రాయవే.

ఇక్కడ మా క్షయ రోగుల్ని వానొచ్చినా వరండాలోనే పడుకోబెడతారు. గాలే మందట. పక్క మంచం మీది బడిపంతులు ఆ మందు తాగీ తాగీ పోయిన వారం పోయాడు. ఊరికే పడుకుంటే నేనూ అటే పోతానని భయమేసి ఒక పని పెట్టుకున్నాను. మన ఇంటి చరిత్ర రాస్తున్నాను. ఎవరు కట్టారు, ఎలా కట్టారు, ఏ భాగం ఎప్పుడు లేచింది, అంతా. డాక్టరు చూసి, చేపనూనె కంటే ఇదే నయంగా పనిచేస్తోందన్నాడు.

మొదటి అధ్యాయం అయిపోయింది. 1608లో సర్ గైల్స్ ప్రయర్ ఉత్త గొర్రెల బీడులో పునాది తవ్వించడం. ముతక ఇసుకరాయి, మధ్యన ముఖమండపం, అటూ ఇటూ రెక్కల్లా రెండు భాగాలు, కిటికీలకి రాతి కమ్మీలు. రెండోది, 1754లో ఇటలీ మోజు పట్టి పడమటి రెక్క పీకి స్తంభాలతో మళ్ళీ కట్టడం. మూడోది, మన తాతకి బొగ్గు దొరకడం, ఆ సంబరంలో గడియారం గోపురం ఒకటి తెచ్చి నెత్తిన అతికించడం. ఒక ఇంటికి మూడు పిచ్చిలు.

ఇప్పుడు నాలుగోది రాస్తున్నాను. పేరు 'ఇంటిని కాపాడిన మాట'. నీకూ తెలిసిన కథే. చుట్టూ బొగ్గంతా తవ్వేసినా ఇంటి కింద మాత్రం ఒక పెద్ద దిమ్మ ముట్టుకోకుండా వదిలేశారు కదా, ఇల్లు కుంగకుండా. 1871లో గనిలో కప్పు కూలి ఏడుగురు అవతల చిక్కుకుపోతే, ఆ దిమ్మ గుండా దారి తొలిస్తే త్వరగా చేరతామని గనివాళ్ళు వచ్చి అడిగారు. తాత మెట్ల మీద నిలబడి, "దక్షిణం వైపు నుంచి ప్రయత్నించారా?" అన్నాడట, అంతే. వాళ్ళు చుట్టు తిరిగి వెళ్ళారు. వెళ్ళేసరికి ఆలస్యమైంది. కఠినమే, కాదనను. కానీ ఆ మాట లేకపోతే నువ్వివాళ ఎక్కడ పడుకునేదానివి చెప్పు?

పొడుగు హాలు కప్పు మీద సున్నపు బొమ్మల్లో వేటగాళ్ళు ఎంతమంది? లెక్కపెట్టి రాయి. జ్ఞాపకం మీద నమ్మకం పోయింది.

నీ తమ్ముడు,
హ్యూబర్ట్


థార్న్‌హోమ్, డెర్బీషైర్
అక్టోబరు 21

ఒరేయ్ హ్యూబర్ట్,

వేటగాళ్ళు పదకొండు మంది. ఒకడికి ఆరు వేళ్ళున్నాయి. చెక్కినవాడు తాగి ఉన్నాడో, సర్ గైల్స్ మీద కోపంతో ఉన్నాడో. నిచ్చెనెక్కి చూశాను. మన పనిపిల్ల నెల్ కింద నిచ్చెన పట్టుకుని, "అమ్మగారూ, మీరు పడితే అయ్యగారికి నేనేం రాయాలి, నాకు రాతే రాదు" అని ఒకటే గోల.

నాలుగో అధ్యాయం పేరు మార్చరా. టాబిథా ముసలమ్మ గుర్తుందా, వాగు పక్కన ఉంటుంది? ఆ ఏడుగురిలో ఒకడు ఆవిడ పెనిమిటి. యాభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ చర్చిలో మన బెంచీ వైపు చూడదు. నేను పలకరిస్తే నా వెనకాల గోడని పలకరిస్తుంది. 'ఇంటిని కాపాడిన మాట' అని నువ్వు అచ్చు వేయిస్తే ఊళ్ళో చదివేవాళ్ళున్నారు.

పొడిగానే రాశాను. నర్సమ్మకి చూపించుకో.

మారియన్


థార్న్‌హోమ్
నవంబరు 9

హ్యూబర్ట్,

పేపర్లో చూసి కంగారు పడకముందే రాస్తున్నాను. మంగళవారం పొద్దున గనిలో కప్పు కూలింది. తొమ్మిది మంది అవతల ఉండిపోయారు.

నేను వంటింట్లో ఆపిళ్ళ తొక్క తీస్తున్నాను. గని మేనేజరు గార్‌సైడ్ వచ్చాడు, వెంట గనిలో పనిచేసే జాబెజ్ పెల్. జాబెజ్ కొడుకులిద్దరూ లోపలే ఉన్నారు. గార్‌సైడ్ కూర్చోలేదు.

"అమ్మా, దిమ్మ గుండా తొలిస్తే దగ్గర. మీ తమ్ముడిగారి సంతకం కావాలి."

"ఆయన వేల్స్‌లో మంచం మీద ఉన్నాడు. తంతి ఇచ్చి జవాబు వచ్చేసరికి రేపవుతుంది. వాళ్ళకి రేపు దాకా గాలుందా?"

"చెప్పలేనమ్మా."

"అయితే తొలవండి. సంతకం నేను పెడతాను."

"మీకు హక్కు లేదు కదమ్మా."

"లేదు. రేపు కోర్టుకి లాగితే నన్నే లాగమనండి."

అతను కిటికీలోంచి ఇంటి గోడని పైదాకా చూశాడు. "ఇల్లు కుంగొచ్చు. దాచి లాభం లేదు. దిమ్మలో ఎప్పట్నుంచో నీరు దిగి ఉంది."

"ఇంట్లో ఉన్నది నేను, నెల్, రెండు పిల్లులు. గుమ్మం దాటి బయటికి నడవగలం. వాళ్ళు నడవలేరుగా."

అంతవరకు టోపీ చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాడు జాబెజ్. టోపీ నెత్తిన పెట్టేసుకుని పరిగెత్తాడు.

రెండు రోజులు మన కాళ్ళ కింద సుత్తులు కొడుతూనే ఉన్నారు. అలమరాలో పింగాణీ గలగలలాడుతుంటే నెల్ చెవులు మూసుకుని కూర్చుంది. గురువారం మధ్యాహ్నానికి చేరుకున్నారు. ఐదుగురు బతికి బయటపడ్డారు. నలుగురు అప్పటికే పోయారు. జాబెజ్ చిన్న కొడుకు బతికాడు, పెద్దవాడు లేడు. ఏడవాలో నవ్వాలో తెలీక ఆ మనిషి గని గేటు పట్టుకుని నిలబడిపోయాడు. భార్య వచ్చి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి ఇంటికి తీసుకుపోయింది.

ఇల్లు కొంచెం సర్దుకుంటోంది. నువ్వు దిగులుపడాల్సిందేం లేదు. పాలు తాగు.

అక్క


క్లెవిన్
నవంబరు 13

అక్కా,

మంచి పని చేశావు. ఇందులో ఆలోచించడానికేముంది, నేనైనా అదే చేసేవాణ్ణి. ఆ ఐదుగురికీ నా తరఫున దుప్పట్లు పంపు. పోయినవాళ్ళ ఇళ్ళకి నువ్వే స్వయంగా వెళ్ళు.

ఇక ఇంటి సంగతి. గనివాళ్ళు తొలిచిన దారిని రాళ్ళతో పూడ్చి, దిమ్మని మళ్ళీ గట్టి చేసే ఉంటారు. అది ఆనవాయితీ. అయినా ఒక కంట కనిపెట్టి ఉండాలి. ఎక్కడ బీట కనిపిస్తే అక్కడ అడ్డంగా ఒక సన్నని గాజు పలక సున్నంతో అతికించు. గోడ కదిలితే గాజు పగులుతుంది. పగలకపోతే నిలిచిందన్నమాట. పడమటి రెక్కలో ముఖ్యంగా. 1754 వాళ్ళు పునాదికి పిసినారితనం చేశారు, డబ్బంతా స్తంభాలకే పోసేశారు.

ప్రతి ఉత్తరంలో గాజు పలకల సంగతి రాయి. రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

హ్యూబర్ట్


థార్న్‌హోమ్
డిసెంబరు 2

తమ్ముడూ,

నాలుగు ఇళ్ళకీ వెళ్ళాను. ఏ ఇంట్లోనూ ఏం మాట్లాడాలో తెలీలేదు. పెల్ వాళ్ళింట్లో ఆవిడ టీ ఇచ్చి, "మీ ఇల్లు ఎలా ఉందమ్మా?" అని అడిగింది. కొడుకుని మట్టిలో పెట్టి అప్పటికి వారం కాలేదు, నా ఇంటి క్షేమం అడిగింది! సిగ్గేసింది.

నువ్వు చెప్పినట్టే గాజు పలకలు తెప్పించాం. పడమటి రెక్కలో ఒక్కటి కూడా పగల్లేదు. గార్‌సైడ్ వారానికి రెండుసార్లు వచ్చి చూసి పోతున్నాడు. చలి ఎక్కువైంది. వేళ్ళు వంగడం లేదు, గొలుసు రాతకి ఏమీ అనుకోకు.

నువ్వు బరువు పెరిగావని మీ నర్సుల పెద్ద, ఆ మేట్రన్ రాసింది. ఆ ముక్క నెల్‌కి చదివి వినిపిస్తే వంటింట్లో గెంతులు వేసింది. రాయి నాయనా, పుస్తకం ఆపకు.

మారియన్


క్లెవిన్
1924 జనవరి 6

అక్కా,

ఐదో అధ్యాయం మెట్ల మీద. మొత్తం పుస్తకానికి ప్రాణం అదే. ఓక్ చెక్క మెట్లు, మలుపు మలుపుకీ స్తంభం మీద కూర్చున్న కొయ్యకుక్క. ఆ కుక్కలు ఎలా ఉన్నాయి? చిన్నప్పుడు నువ్వు కింద కుక్కకి రొట్టె పెట్టి, రాత్రికి తినేసిందని నన్ను నమ్మించావు. ఎలుక తిందని పదేళ్ళొచ్చేదాకా నాకు తెలీదు.

వసంతంలో ఇంటికి పంపుతానేమో చూద్దాం అన్నాడు డాక్టరు. పొడుగు హాల్లో దక్షిణపు కిటికీ దగ్గర నా మంచం వేయించు. ఆ వేటగాళ్ళ కింద పడుకుని చివరి అధ్యాయం రాస్తాను.

మరో విషయం. నువ్వు కోప్పడకూడదు. నీ ఉత్తరాల్లో గార్‌సైడ్ ఈమధ్య మరీ తరచుగా కనిపిస్తున్నాడు. సోమవారం వచ్చాడు, గురువారం వచ్చాడు, దూలాలు తెచ్చాడు. నువ్వేమో ఇదివరకటిలా చమత్కారాలు రాయడం మానేశావు. దాచుకోవాల్సిన పనేముంది? మంచివాడైతే నాకేం అభ్యంతరం లేదు. గనివాడైతేనేం.

ఎదురుచూస్తూ,
హ్యూబర్ట్


థార్న్‌హోమ్
జనవరి 13

వెర్రినాగన్నా,

గార్‌సైడ్‌కి భార్య ఉంది, ఐదుగురు పిల్లలున్నారు, ఎప్పుడు చూసినా ఉల్లిపాయ వాసన వేస్తాడు. నీ పెళ్ళి బేరం నెల్‌కి చెబితే పడీ పడీ నవ్వింది. ఈ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది, అందుకు థ్యాంక్స్.

కుక్కలన్నీ క్షేమం. ఒక్కదానికీ చెవి కూడా విరగలేదు.

మంచం సంగతి అప్పుడు చూద్దాంలే. ముందు నువ్వు లే.

అక్క


క్లెవిన్
ఫిబ్రవరి 20

మారియన్,

నిన్న మన పిన్ని కూతురు లెటీస్ వచ్చింది. ద్రాక్షపళ్ళు తెచ్చింది. మంచం అంచున కూర్చుని, "పాపం, అంత చక్కని మెట్లు గుర్రాలసాలలో పేర్చి ఉంటే చూడలేకపోయాను హ్యూబర్ట్" అంది. నాకు తెలుసనుకుంది. నేనూ తెలిసినట్టే తల ఊపాను. ఏం చేయను?

ఇంటి కప్పు లేదటగా. పొడుగు హాలు నడుమ విరిగి ఆకాశం కనిపిస్తోందటగా. నువ్వు గేటు దగ్గరి కాపలావాడి ఇంట్లో ఉంటున్నావటగా. 'కుక్కలన్నీ క్షేమం'! ఈ మాట ఎలా రాయగలిగావు?

నేను రోజూ ఆ గదుల్లో నడుస్తున్నాను. ఈ వరండాలో వణుకుతూ, లేని ఇంటి గురించి, ఇప్పుడు ఉన్నట్టుగా, 'ఉంది', 'కనిపిస్తుంది', 'నిలుస్తుంది' అని నూట యాభై పేజీలు రాశాను. నన్ను పిచ్చివాణ్ణి చేశావు.

ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పు. ఆ మంగళవారం తంతికి టైము లేదన్నావు. టైము లేకనా, అడిగితే నేను కాదంటాననా?

హ్యూబర్ట్ ప్రయర్


థార్న్‌హోమ్ గేటు ఇల్లు
ఫిబ్రవరి 24

హ్యూబర్ట్,

అడిగావు కాబట్టి అన్నీ చెబుతాను. నర్సుని పక్కన ఉంచుకుని చదువు.

మనుషుల్ని పైకి తెచ్చిన మర్నాడే దిమ్మ నలగడం మొదలైంది. పూడ్చడానికి లోపలికి దిగనివ్వలేదు గార్‌సైడ్. దిగితే ఇంకొందరు పోతారన్నాడు, నేనూ సరే అన్నాను. ముందు తలుపులు బిగుసుకున్నాయి. తర్వాత ముఖమండపం ముందుకి వంగింది. నవంబరు ఆఖరి వారంలో పడమటి రెక్క స్తంభాలతో సహా కూర్చుండిపోయింది. చప్పుడు కూడా పెద్దగా లేదు, ముసలివాళ్ళు కుర్చీలో కూలబడ్డట్టు. అక్కడ గాజు పగల్లేదని రాశాను. అబద్ధం కాదు. అతికించడానికి గోడ లేదు.

గార్‌సైడ్ దూలాలు తెచ్చి ఊతం పెట్టించాడు. మెట్లు పాడవకుండా బతికిన ఐదుగురిలో ముగ్గురు వచ్చి విప్పి గుర్రాలసాలకి చేర్చారు. క్రిస్మస్ ముందు మంచుకి పొడుగు హాలు కప్పు దిగింది. వేటగాళ్ళు, జింకలు అన్నీ పొడి. నేనూ నెల్ చీపుళ్ళతో ఊడ్చాం.

నీకెందుకు చెప్పలేదంటే, మనసుకి దెబ్బ తగిలితే మళ్ళీ రక్తం పడుతుందని మేట్రన్ రాసింది. నువ్వు బరువు పెరుగుతున్నావు. ఆ ఇల్లు నీ పుస్తకంలో నిలబడి ఉన్నన్నాళ్ళూ నువ్వూ నిలబడతావనిపించింది. ఇంకోసారి ఇదే పరిస్థితి వస్తే ఇదే చేస్తాను, కాబట్టి క్షమించమని అడగను.

ఇక రెండో ప్రశ్న. తంతికి టైము లేదన్నది నిజం. కానీ టైము ఉన్నా ఇచ్చేదాన్ని కాదు. నువ్వు కాదంటావనే అనుకున్నాను. నాలుగో అధ్యాయం గురించి నువ్వు రాసిన ఉత్తరం అప్పుడు నా బల్ల మీదే ఉంది.

ఇప్పుడు మిగిలిన గోడలు దారిన పోయేవాళ్ళ మీద పడేలా ఉన్నాయి. కూల్చాలంటే ఈసారి నీ సంతకమే కావాలంటున్నారు. నాది చెల్లదట. కాగితం జత చేశాను.

మారియన్


క్లెవిన్
మార్చి 17

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదు. కోపంతో కాదు. మొదటి వారం కోపమే, ఒప్పుకుంటాను. ఆ తర్వాత రక్తం పడింది. నీ ఉత్తరం వల్ల కాదులే, అప్పటికే వస్తోంది, నేనే చెప్పలేదు. చూశావా, దాచడంలో నువ్వొక్కదానివే కాదు.

'నేనైనా అదే చేసేవాణ్ణి' అని నవంబరులో రాశాను. ఇల్లు నిలబడే ఉందనుకుని రాసిన మాట అది. ఇప్పుడు ఇల్లు లేదని తెలిశాక మళ్ళీ నన్ను నేను అడిగి చూసుకున్నాను. కళ్ళు మూసుకుని ఆ వంటింట్లో నీ చోట నిలబడతాను. గార్‌సైడ్ వస్తాడు, జాబెజ్ టోపీ చేతిలో పట్టుకుని ఉంటాడు. మొదటిసారి 'సరే, తొలవండి' అనే అన్నాను. ఇంకోసారి, పొడుగు హాలు గుర్తొచ్చి, "దక్షిణం వైపు నుంచి ప్రయత్నించారా?" అని అడిగాను. నా నోటితో నేనే. అప్పటికి తొమ్మిది మందీ లోపలే ఉన్నారు.

నిజంగా అడిగి ఉంటే ఏమనేవాణ్ణో నాకు తెలీదు. నువ్వు నన్ను అంత తక్కువగా అంచనా వేశావని ఏడ్చాను. ఆ అంచనా తప్పని నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అక్కా, నువ్వు అడగకపోవడమే నాకు చేసిన మేలు.

సంతకం పెట్టాను. వెంటనే కూల్చేయండి, ఇంకెవరి మీదా పడకముందే. నాలుగో అధ్యాయం చింపేశాను. ఒక్కటే కోరిక. కూలుస్తున్నప్పుడు దగ్గరుండి చూడు. గోడ లోపల ఏముందో కట్టినవాడికీ కూల్చేవాడికీ తప్ప తెలీదు.

ఆ గేటు ఇంట్లో పొయ్యి పొగ గొట్టం సరిగ్గా లాగేది కాదు. బాగు చేయించావా? ఎక్కడ పడుకుంటున్నావు? ఇవి ముందే అడగాల్సింది.

హ్యూబర్ట్


థార్న్‌హోమ్ గేటు ఇల్లు
ఏప్రిల్ 29

హ్యూబర్ట్,

మేట్రన్ తంతి అందింది. నువ్వు ఉత్తరం పట్టుకోలేకపోతున్నావని, చదివి వినిపిస్తామని చెప్పింది. కాబట్టి నర్సమ్మా, ఇది నెమ్మదిగా చదవండి. పొడిగానే రాస్తున్నాను.

పొగ గొట్టం బాగు చేయించాను. వంటింటి పక్క గదిలో పడుకుంటున్నాను, వెచ్చగానే ఉంది. నెల్ పిల్లుల్ని కౌగిలించుకుని పడుకుంటుంది, అవి విడిపించమన్నట్టు నా వైపు జాలిగా చూస్తాయి.

ఇల్లు కూల్చడం నిన్నటితో అయిపోయింది. గోపురం మొదట దించారు. ఊరివాళ్ళు వచ్చి చూశారు. కొందరికి సంతోషమే, దాచుకోలేదు కూడా. ఒకాయన ఉమ్మేసి, నన్ను చూసి, "మీ మీద కాదమ్మా" అన్నాడు. నేను తల ఊపాను. పనిలోకి వచ్చినవాళ్ళలో జాబెజ్ చిన్న కొడుకు ఉన్నాడు. వాడు, "హ్యూబర్ట్ దొరగారి గది ఏది?" అని అడిగాడు. చూపించాను. ఆ గది గోడ చివరిదాకా ఉంచారు.

ఇప్పుడు నువ్వు వినాల్సింది. ముఖమండపం వెనకున్న పెద్ద హాలు తూర్పు గోడ విప్పుతుంటే రాయి వెనకాల రాయి లేదు, చెక్క ఉంది. వంపు తిరిగిన రెండు ఓక్ దూలాలు, నేల నుంచి లేచి పైన ఒకదానికొకటి ఆనుకుని. ఇంకొంచెం విప్పితే ఇంకో జత. మొత్తం ఒక చిన్న ఇల్లు, కప్పు ఆకారంతో సహా, మన గోడల కడుపులో. దూలాలన్నీ పొగచూరి నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒకప్పుడు పొగ గొట్టం లేకుండా గది నడుమ నేల మీదే నిప్పు వేసుకునేవారటగా, ఆ పొగ. గొర్రెలు కాసుకునే ఏ రైతు ఇల్లో. సర్ గైల్స్ ఉత్త బీడులో పునాది తవ్వించాడని రాశావు. కాదు హ్యూబర్ట్. ఆయన ఇల్లు కట్టలేదు, ఎవరి ఇంటికో చొక్కా తొడిగాడు. అంతకు ముందే అక్కడ ఎవరో వండుకున్నారు, పిల్లల్ని పడుకోబెట్టారు. వాళ్ళ పేరు కూడా మనకి తెలీదు.

నీ మొదటి అధ్యాయం తప్పు. నీకు కోపం వస్తుందనుకోను. నువ్వు లేచి కూర్చుని, "అక్కా, దూలాల మధ్య దూరమెంత?" అని అడుగుతావనిపించి కొలిచి ఉంచాను. పదిహేను అడుగులు. పేనా పట్టుకోలేకపోతే నువ్వు చెప్పు, నేను రాస్తాను. మొదటి అధ్యాయం మళ్ళీ మొదలుపెడదాం.

ఈ ఉత్తరం పొద్దుటి టపాలో వేసి, మధ్యాహ్నం రైలెక్కుతున్నాను. ఉత్తరం ముందు చేరుతుందో నేను ముందు చేరతానో చెప్పలేను. ఉత్తరమే ముందు చేరితే, నర్సమ్మా, ఈ ఆఖరి మాట అతని చెవి దగ్గరగా చదవండి:

హ్యూబర్ట్, నేను బయల్దేరాను.